ఇరవై మేకలకు ఒక్క పోతు

ఒక దొడ్డిలో ఇరవై పెంటి మేకలు, ఒక పోతు ఉన్నాయనుకుందాం. బయటి పోతు ఏదీ రాదు. ఈ మందలో పుట్టిన మగపిల్లల్లో ఒకటి పెరిగి తర్వాతి విత్తనపు పోతవుతుంది, దాని కొడుకు ఆ తర్వాతి పోతవుతాడు. ఇలా ఎన్నాళ్లు సాగుతుంది? దీనికి జన్యుశాస్త్రం ఒక చిన్న లెక్క చెబుతుంది. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని నాలుగు రెట్లు చేసి, మొత్తం తలల సంఖ్యతో భాగించాలి. ఆ జవాబును ప్రభావక సంఖ్య అంటారు. ఈ ఇరవై ఒక్క జీవాల మందకు అది 3.8. దొడ్డిలో ఇరవై ఒక్క తలలు కనిపిస్తున్నా, వైవిధ్యాన్ని నిలుపుకునే శక్తిలో అది నాలుగు జీవాల మందకు కూడా సాటి రాదు. తరం మారినప్పుడల్లా మందలో రక్తసంబంధం సుమారు 13 శాతం చొప్పున పెరుగుతుంది.

మేకలు తక్కువగా ఉండటం వల్లే ఇలా అయిందనుకుని ఇరవైని వంద చేస్తే? అదే ఒక్క పోతుతో వంద మేకలున్నా జవాబు 3.96 దగ్గరే ఆగుతుంది. ఇరవై మేకలు ఇరవైగానే ఉండి పోతులు రెండైతే మాత్రం అది 7.3కు చేరుతుంది. కొత్తగా కొన్న ఎనభై మేకలు చేయలేని పనిని ఇంకొక్క పోతు చేసిపెడుతుంది. చిన్న మందల సంరక్షణ గురించి ప్రపంచంలో ఎక్కడ ఏ చర్చ జరిగినా చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తుంది. మన దగ్గర మేకల పథకాల్లో అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చేదీ ఇదే.

ఉదాహరణకు, తెలంగాణలోని పెద్దపల్లి నుంచి రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి మీద, సిమెంటు కర్మాగారం వల్ల పేరొచ్చిన బసంత్‌నగర్ ఉంది. ఇంకా ముందుకు వెళ్తే ఎన్టీపీసీ పొగగొట్టాలు, ఆ తర్వాత గోదావరిఖని, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, వాటి చుట్టూ కొండల్లా పెరిగిన మట్టి గుట్టలు. గనులకూ కర్మాగారాలకూ కాలనీలకూ బూడిద చెరువులకూ భూమి పోయాక మేకలకు మిగిలినవి రోడ్ల పక్కన తుమ్మలు, చెరువు శిఖం, కోతలైన పొలాలు. మేత నేల ఇలా ముక్కలైతే మందలూ ముక్కలవుతాయి. పది మేకలవాడు తన పదింటితోనే ఉంటాడు. పక్క ఊరి మందతో కలిసి మేసే సందర్భాలు తగ్గేకొద్దీ, ఆ ఊరి పోతు ఈ ఊరి మేకను దాటే అవకాశమూ తగ్గిపోతుంది. వెనకటికి ఎవరి ప్రయత్నమూ లేకుండా జరిగిపోయిన రక్తమార్పిడిని ఇప్పుడు ఎవరో పూనుకుని జరిపించాలి.

ఈ ప్రాంతపు మేకల్లో చాలావాటికి జాతి పేరంటూ లేదు. నల్లగా, పొడుగు కాళ్లతో, వేలాడే చెవులతో ఉన్నవాటిలో ఉస్మానాబాదీ పోలికలు కనిపిస్తాయి. నిజాం రాజ్యంలో భాగమైన ఉస్మానాబాద్, నేటి ధారాశివ్, ఆ మేకలకు పుట్టిల్లు. తెలంగాణ పల్లెలకు వాటితో బంధుత్వం పాతదే. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశంలో నలభై దాకా మేక జాతులను నమోదు చేసింది. అయినా దేశపు మేకల్లో సగానికి పైగా ఏ జాతి జాబితాలోనూ లేనివే. పేరు లేదని వాటి విలువ తగ్గదు. పారుడు రోగాన్నీ వడగాడ్పునూ తట్టుకుని, తుమ్మకాయలు తిని జంట పిల్లలను ఈనగలిగే మేక తరతరాల ఎంపిక ఫలం. అది ఎంత విలువైనదో పోయాకే తెలుస్తుంది.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1.9 కోట్లు, దేశంలోనే మొదటి స్థానం. మేకలు సుమారు 49 లక్షలు. ఇంత సంఖ్య ఉన్నచోట రక్తసంబంధం గురించి దిగులెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ 49 లక్షలు ఒక్కచోట కలిసి మేయవు. అవి వేల వేల చిన్న దొడ్లలో ఉన్నాయి, ఏ దొడ్డి లెక్క ఆ దొడ్డిదే.

2017 జూన్ 20న కొండపాకలో మొదలైన రాష్ట్ర గొర్రెల పంపిణీ పథకం ఈ లెక్కకు మంచి ఉదాహరణ. ఒక యూనిట్ అంటే ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. మొదట్లో దాని ధర 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీగా ఉండేది. ఇతర రాష్ట్రాల నుంచి జీవాలు వచ్చాయి కాబట్టి మొదటి తరంలో కొత్త రక్తం దిగిన మాట నిజం. తర్వాత ఆ ఒక్క పొట్టేలే తన కూతుళ్ల మీదికీ వెళ్తే వచ్చేది పైన చెప్పిన 3.8 లెక్కే. 2021లో సవరించిన జాతీయ పశుధన మిషన్‌లోనూ నిష్పత్తి ఇదే: వంద మేకలకు ఐదు పోతులు మొదలు, ఐదు వందలకు ఇరవై ఐదు పోతుల దాకా. పెద్ద యూనిట్ ఫరవాలేదు. ఇరవై ఐదు పోతులనూ సమానంగా వాడితే దాని ప్రభావక సంఖ్య 95 వస్తుంది. వంద మేకల యూనిట్‌కు మాత్రం 19 మించదు. సబ్సిడీ లెక్క రెండింటికీ ఒకే దామాషాలో నడిచినా, జన్యువుల లెక్కకు మగవాటి అసలు సంఖ్యే ముఖ్యం.

రక్తసంబంధం అంటే ఏమిటో తెలుగువాళ్లకు వేరే వివరించనక్కర్లేదు. మేనబావా మరదళ్ల పెళ్లిలో పుట్టే బిడ్డకు రక్తసంబంధపు గుణకం 6.25 శాతం. మేనమామా మేనకోడళ్ల పెళ్లిలో 12.5 శాతం. ఒకే పోతుకు వేర్వేరు మేకల్లో పుట్టిన అన్నాచెల్లెళ్లు కలిసినా సరిగ్గా ఈ 12.5 శాతమే. పోతు తన కూతురినే దాటితే 25, ఆ కలయికలో పుట్టిన ఆడపిల్లనూ అదే దాటితే 37.5. మనుషుల్లో మేనరికం వల్ల ఏం జరుగుతుందని డాక్టర్లు హెచ్చరిస్తారో, మేకల దొడ్డిలో దానికి అనేక రెట్లు ఎక్కువగా జరుగుతున్నదీ అదే.

నష్టం ఒక్కసారిగా కనిపించదు. పిల్లలు కాస్త తక్కువ బరువుతో పుడతాయి. జంట ఈతలు తగ్గుతాయి. వానాకాలంలో ఒకటికి రెండు పిల్లలు ఎక్కువగా చనిపోతాయి. మేక కట్టకుండా తిరిగి తిరిగి ఎదకొస్తుంది. కాపరి మేతను అనుమానిస్తాడు, నీళ్లను అనుమానిస్తాడు, దిష్టి తగిలిందనీ అనుకుంటాడు. దొడ్డిలోనే కళ్లెదుట తిరుగుతున్న పోతు మీదికి అనుమానం పోదు. అది నిగనిగలాడుతూ ఆరోగ్యంగానే ఉంటుంది కదా.

కళ్లకు కనిపించే ఉదాహరణ ఒకటుంది, బోడి మేకలది. కుమ్మవు, తీగల్లో కొమ్ములు ఇరుక్కోవు అని కొందరు కొమ్ముల్లేని పోతును ఇష్టపడతారు. మేకల్లో కొమ్ములు రాకుండా చేసే జన్యు మార్పుకు ఇంకో గుణం కూడా ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అందిన ఆడపిల్ల ఆడతనం కోల్పోయి, మగ పోలికలతో గొడ్డుగా మిగులుతుంది. ఒకటో క్రోమోజోములో దాదాపు 11,700 అక్షరాల పొడవున డీఎన్ఏ ఊడిపోవడమే దీనికి మూలమని 2001లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఒక్క ప్రతి ఉంటే ఏ హానీ లేదు, బోడితనమొక్కటే వస్తుంది. అందుకే కొమ్ముల మేకల మందలోకి బోడి పోతు వస్తే మొదటి తరం చక్కగా ఉంటుంది. అదే పోతు తన బోడి కూతుళ్లను దాటినప్పుడు, వాటికి పుట్టే ఆడపిల్లల్లో సుమారు నాలుగింట ఒకటి గొడ్డవుతుంది. బోడి పోతుకు కొమ్ముల మేకలనే జత చేయాలని పాత పెంపకందార్లు ఊరికే అనలేదు.

ఇలా ఒక్క ప్రతిగా దాగి, రెండు కలిస్తే బయటపడే లోపాలు ప్రతి మందలోనూ కొన్ని ఉంటాయి. మన జమునాపారి రక్తం కలిసిన ఆంగ్లో నూబియన్ మేకల్లో పిల్లలు ఎదగకుండా చేసే ఒక వంశపారంపర్య జబ్బుంది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో నూబియన్ మేకలను పరీక్షిస్తే దాదాపు నాలుగో వంతు ఆ లోపాన్ని ఒక్క ప్రతిగా మోస్తున్నట్టు తేలింది. పైకి అవన్నీ ఆరోగ్యంగా ఉన్నవే.

దీనికి ఎదురు వాదనా ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఇంగ్లండ్‌లోని చిల్లింగ్‌హామ్ అడవి పశువుల మంద మూడు శతాబ్దాలకు పైగా బయటి రక్తం లేకుండా బతికింది. 1947 చలికాలపు మంచులో పదమూడే మిగిలి, మళ్లీ పెరిగాయి. 2001లో పరీక్షించినప్పుడు డీఎన్ఏలో చూసిన 25 చోట్ల 24 చోట్ల వైవిధ్యమే కనిపించలేదు, అయినా మంద ఈనుతూనే ఉంది. హానికరమైన లోపాలున్నవి చచ్చి, లేనివి మిగిలి, మంద కడిగినట్టయిందని దీనికి వివరణ. అది జరగొచ్చు. చిల్లింగ్‌హామ్ ఒకటి మిగిలినప్పుడు అలాంటి మందలెన్ని పేరు కూడా లేకుండా పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ కడుగుడుకు వెల చచ్చిన పిల్లలే. పది మేకల మీద బతికే ఇంటికి అది తాహతుకు మించిన వెల.

బసంత్‌నగర్ లాంటి చోటికి అన్నిటికన్నా దగ్గరి పాఠం వింతగా ఐస్‌లాండ్ నుంచి వస్తుంది. అక్కడి మేకలు వెయ్యేళ్ల కిందట వలస వచ్చినవారితో దిగిన జాతి. 1960ల నాటికి వందలోపుకు పడిపోయాయి. ప్రభుత్వం పెంపకందార్లకు తలకింత అని సాయం ఇవ్వడంతో సంఖ్య మళ్లీ వందల్లోకి చేరింది. 2012లో వచ్చిన పరిశోధనలో మాత్రం ప్రభావక సంఖ్య పదిలోపే ఉందని తేలింది. కారణం గొర్రెల జబ్బులు పాకకుండా గీసిన సరిహద్దులు. ఆ గీతలు దాటి జీవాలను తరలించకూడదు. మేకలు పెరిగాయి, కానీ ప్రతి మందా తన ప్రాంతంలోనే బందీ అయింది, పోతులు మారలేదు. తర్వాతి కాలంలో ఘనీభవించిన వీర్యంతో కృత్రిమ గర్భధారణ మొదలుపెట్టి, జబ్బు పాకకుండానే రక్తాన్ని గీత దాటించే ప్రయత్నం చేశారు. తలల సంఖ్య పెరిగిందని సంరక్షణ జరిగినట్టు కాదన్నది ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ ఇంకొకటి దొరకడం కష్టం. అక్కడ చట్టం గీసిన గీతలను ఇక్కడ ఓపెన్‌కాస్ట్‌లూ ప్రహరీలూ నాలుగు వరసల రోడ్లూ గీశాయి.

గనుల ప్రాంతంలో ఇంకో చిక్కు సంతది. బక్రీదుకు, బోనాలకు, సమ్మక్క సారలమ్మ జాతరకు కావలసింది మగ జీవమే. త్వరగా ఎదిగి, బరువు తూగి, చూడముచ్చటగా ఉన్న పోతే ముందు అమ్ముడుపోతుంది. ఎదుగుదల సరిగా లేనిది దొడ్డిలో మిగిలి, మిగిలింది కాబట్టే విత్తనపు పోతవుతుంది. ఇలా కొన్ని తరాలు గడిస్తే మందలో ఎంపిక తలకిందులుగా నడుస్తుంది. అవసరంలో ఉన్న కాపరి మంచి ధర వదులుకోవాలని ఎవరూ చెప్పలేరు. ఆ పోతును ఉంచుకున్నందుకు ఆ ధర ఇంకో దారిలో అతనికి అందాలి.

కొత్త రక్తమంటే దూరపు జాతే తేవాలన్న అభిప్రాయమూ గట్టిగా పాతుకుపోయింది. సిరోహి, బీటల్, బోయర్ పోతుల కోసం అప్పు చేస్తున్నవాళ్లు ఉన్నారు. కొట్టంలో కట్టి, దాణా పెట్టి మాంసానికి పెంచేవారికి అవి పనికిరావచ్చు. ఎండలో పది కిలోమీటర్లు నడిచి తిండి వెతుక్కునే మందలోకి వాటిని దించితే, రక్తసంబంధం తగ్గినా స్థానిక మేక కూడా కరిగిపోతుంది. దక్కనీ గొర్రెకు జరిగిందిదే. మాంసం బరువు కోసం నెల్లూరు పొట్టేళ్లను దించాక నల్ల ఉన్ని తగ్గి, దానితోపాటు గొంగడి నేతా క్షీణించింది. పక్క మండలంలో అదే రకపు మేకల మధ్య, ఈ మందతో చుట్టరికం లేని పోతు దొరుకుతున్నప్పుడు రాజస్థాన్ దాకా పోనవసరం లేదు.

ఇలా మందల మధ్య మగవాటిని మార్చే పని చేసి చూపిన పద్ధతి నెదర్లాండ్స్‌లోని కెంపెన్ గడ్డిభూముల గొర్రెలది. అరుదైపోయిన ఆ గొర్రెల మందలను ఒక చుట్టుగా పేర్చారు. మొదటి మందలో పుట్టిన పొట్టేళ్లు రెండో మందకు, రెండోదానివి మూడోదానికి, చివరిదానివి మళ్లీ మొదటిదానికి. ఆడ గొర్రెలు ఎక్కడివక్కడే ఉంటాయి. పుట్టిన మందలో ఏ పొట్టేలూ పనిచేయదు. వంశవృక్షం పూర్తిగా రాయలేకపోయినా రక్తసంబంధం అదుపులో ఉంటుందని 2008లో వెలువడిన పరిశోధన లెక్కలతో చూపింది. కంప్యూటరూ డీఎన్ఏ పరీక్షా లేకుండా నడిచే ఏర్పాటు కాబట్టే అది మనకు పనికొస్తుంది.

బసంత్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లనే తీసుకుంటే, కన్నాల పోతు పాలకుర్తికి, పాలకుర్తి పోతు కుక్కలగూడూరుకు, అక్కడిది అంతర్గాం వైపుకు. ఇలా ఒక చుట్టు ఊహించుకుంటే లెక్క చాలా మారిపోతుంది. ఇరవై మేకలు, ఒక పోతు ఉన్న మంద విడిగా ఉంటే ప్రభావక సంఖ్య 3.8. అలాంటి ఐదు మందలు ఒక్క మందలా కలిసి నడిస్తే 19. పద్నాలుగు కలిస్తే 53. తరానికి రక్తసంబంధం ఒక్క శాతానికి మించి పెరగకుండా ఉండాలంటే కనీసం 50 కావాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే పద్నాలుగు దొడ్లు చాలు. ఒక మండలంలో అన్ని మందలు దొరకడం పెద్ద విషయం కాదు. ప్రతి పోతుకూ వారసుడిగా దాని కొడుకు ఒకడిని తప్పనిసరిగా నిలిపితే లెక్క ఇంకా మెరుగవుతుంది. ఒక్క పేరున్న పోతు పిల్లలతోనే ఊళ్లన్నీ నిండిపోతే మాత్రం చుట్టు ఉన్నా ఫలం ఉండదు.

ఎప్పుడు మార్చాలన్నదానికి మేక శరీరమే గడువు పెడుతుంది. పోతు వచ్చిన ఐదు నెలలకు మొదటి ఈతలు. ఆ ఆడపిల్లలు ఎనిమిది, పది నెలలకు ఎదకొస్తాయి. కాబట్టి వచ్చిన పదమూడు నెలల లోపే పోతు ఊరు దాటాలి. మంచి పోతు ఆరేళ్ల వయసు దాకా పనికొస్తుంది, ఆ లెక్కన తన జీవితంలో మూడు నాలుగు ఊళ్లు తిరుగుతుంది. అంతకన్నా తరచుగా మరిచిపోయేది మగపిల్లల సంగతి. నాలుగైదు నెలలకే అవి దాటగలవు, తల్లినైనా చెల్లెలినైనా. విత్తనానికి ఉంచనివాటికి మూడు నెలల లోపే బర్డిజో పట్టుకారుతో విత్తులు కొట్టించకపోతే చుట్టూ లెక్కా అన్నీ వృథా.

పోతు కదిలితే జబ్బూ కదలవచ్చు. పారుడు రోగం, ఈసుడు రోగం రెండూ కొత్త జీవంతో దొడ్డిలోకి వస్తాయి. ఈసుడు (బ్రూసెల్లోసిస్) మేకలు ఈసుకుపోయేలా చేయడమే కాక మనుషులకూ సోకి నెలల తరబడి జ్వరం తెస్తుంది. అందుకే వచ్చిన పోతును కనీసం మూడు వారాలు విడిగా కట్టాలి. పారుడు రోగం టీకా వేయించాలి, ఈసుడుకు రక్తపరీక్ష చేయించాలి. ఇవి తప్పితే చుట్టు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

పుంగనూరు ఆవు కథ ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. 2013లో మూడు వేల లోపున్న ఆ జాతి 2019 గణనలో 13 వేలు దాటింది. పలమనేరు పరిశోధనా స్థానం ఏళ్ల తరబడి చిన్న మందను కాపాడుతూ వచ్చింది. ఇప్పుడు గిరాకీ పెరిగి, ఇంట్లో తిరిగేంత పొట్టి ఆవు కావాలన్న మోజు మొదలైంది. అతి పొట్టి ఆంబోతుల సంతానమే అందరికీ కావలసివస్తే తండ్రుల సంఖ్య కుంచించుకుపోతుంది. ఐస్‌లాండ్‌లో గీతలు చేసిన పనిని ఇక్కడ మోజు చేయగలదు. ఏ జాతికైనా ఎన్ని ఉన్నాయన్న వార్తతోపాటు ఎందరు తండ్రులకు పుట్టాయన్న వార్త కూడా రావాలి.

వీర్యాన్ని ద్రవ నత్రజనిలో దాచుకోవడం మంచి బీమా. కరీంనగర్‌లో ఆవులకు, గేదెలకు అలాంటి కేంద్రం ఉంది. మేకలకు ఇది సాంకేతికంగా సాధ్యమే, కానీ ఎద సాధారణంగా ఒకటి రెండు రోజులే ఉంటుంది కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లు సమయానికి అందాలి. దాచుకునేదేదో మగా ఆడా రెండూ ఉండగానే దాచుకోవాలి. స్పెయిన్ పర్వతాల అడవి మేక బుకార్డో చివరి జీవం ఒక ఆడది. 2000 జనవరిలో చనిపోయింది. దాని కణాలతో 2003లో చేసిన క్లోన్ పుట్టి కొన్ని నిమిషాలే బతికింది. ఏళ్ల తరబడి బతికినా దానికి జోడీ అయ్యే పోతు ప్రపంచంలో లేదు.

గొల్ల కురుమల ప్రాథమిక సహకార సంఘాలు ఊరూరా ఉన్నాయి. పోతుల చుట్టును నడపగల ఏర్పాటు ఇప్పటికిప్పుడు వాటికి తప్ప మరెవరికీ లేదు. మేకలు పెంచే గనికార్మికుల కుటుంబాలనూ ఇతర కులాలవారినీ అందులో కలుపుకోవాలి. సంఘం పుస్తకంలో ప్రతి పోతుకు పన్నెండు అంకెల చెవిపోగు నంబరు, పుట్టిన ఊరు, తల్లి, తండ్రి, ఏ నెలలో వచ్చింది, ఏ నెలలో వెళ్లింది రాస్తే చాలు. మేకల కొనుగోలుకు ఇచ్చే సబ్సిడీలో కొంత భాగాన్ని పోతు మేపుడు ఖర్చుగా, సంతలో వచ్చేదానికి సమానమైన ధరగా కాపరికి ఇవ్వాలి. పశువైద్య సిబ్బంది పండగ బేరాలు మొదలవకముందే వచ్చి, ప్రతి ఊళ్లో జంటగా పుట్టి బాగా ఎదిగిన రెండు మూడు మగపిల్లలను, ఒక్కోటి ఒక్కో తండ్రిదిగా చూసి, చెవిపోగు వేసి పక్కన పెట్టాలి. వచ్చే జాతరకు అమ్మకూడనివి అవే.